క్యారమ్స్ బోర్డు మీద ద్రవ్యవేగం: అభిఘాతాల పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

జూనియర్ కాలేజీలో కొత్తగా చేరిన ఒక ఫిజిక్స్ లెక్చరర్ అడిగిన ప్రశ్న ఇది. ఫస్టియర్ పిల్లలు ద్రవ్యవేగ (మొమెంటమ్) నిత్యత్వ నియమం గడగడా అప్పజెబుతారు. అభిఘాతాల (వస్తువులు ఢీకొనడాల) ఫార్ములాలూ నోటికొచ్చు. లెక్క కాస్త తిప్పి అడిగితే మాత్రం పెన్ను కదలదు. ల్యాబ్‌లో ఘర్షణ లేకుండా వస్తువుల్ని జార్చే ఎయిర్ ట్రాక్ లాంటివి లేవు, పీరియడ్లు తక్కువ, ఈఏపీసెట్ టెన్షన్ ఎక్కువ. ఈ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చెప్పాలి?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. అభిఘాతంతో మొదలుపెట్టండి, ద్రవ్యవేగం అనే మాటను తర్వాత రానివ్వండి. పుస్తకంలో వరస వేరుగా ఉంటుంది. 'గమన నియమాలు' పాఠంలో ద్రవ్యవేగం వస్తుంది. ఘర్షణ, వృత్తాకార చలనం, పని, స్ప్రింగు శక్తి అన్నీ దాటాక, తర్వాతి పాఠం చివర్లో అభిఘాతాలు వస్తాయి. అప్పటికి పిల్లలకి ద్రవ్యరాశిని వేగంతో గుణించాలన్న ముక్క తప్ప ఇంకేమీ గుర్తుండదు. అసలు ఆ గుణకారం ఎందుకు కావాల్సి వచ్చిందో వాళ్లెప్పుడూ చూసి ఉండరు. అది చూపించడానికి ఒక క్యారమ్స్ బోర్డు, స్లో మోషన్ వీడియో తీసే ఫోను, ఒక స్కేలు చాలు.

క్యారమ్సే ఎందుకంటే, అంకెలు మనకోసం కుదిర్చి పెట్టినట్టు ఉంటాయి. పోటీల నిబంధనల ప్రకారం స్ట్రైకర్ 15 గ్రాములు మించకూడదు. కాయిన్ 5 నుంచి 5.5 గ్రాములు ఉండాలి. అంటే దాదాపు మూడుకి ఒకటి. బజార్లో దొరికే సెట్లలో బరువులు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి కెమిస్ట్రీ ల్యాబ్ త్రాసులో తూచి, 15కి దగ్గరగా ఉన్న స్ట్రైకర్‌ని, 5కి దగ్గరగా ఉన్న కాయిన్‌ని పక్కన పెట్టుకోండి.

బోర్డు మీద పౌడర్ చల్లి, మధ్యలో ఒక కాయిన్ పెట్టండి. స్ట్రైకర్ సూటిగా వెళ్లి దాన్ని కొట్టబోతోంది. కొట్టకముందే అడగండి: "స్ట్రైకర్ వేగం సెకనుకు 4 మీటర్లు. కొట్టాక కాయిన్ ఎంత వేగంతో పోతుంది?" ప్రతివాడూ ఒక అంకె నోట్సులో రాసి తీరాలి. ఊరికే చేతులెత్తమంటే ముందు బెంచీ వాడు చెప్పిందే అందరూ చెబుతారు. ఎక్కువమంది 4 అని గానీ, 2 అని గానీ రాస్తారు. కొట్టిన దానికంటే దెబ్బ తిన్నది వేగంగా పోతుందని రాసేవాళ్లు చాలా తక్కువ. ఇప్పుడు కొట్టించండి, పైనుంచి వీడియో తీయించండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనైతే, ఒక్కో ఫ్రేముకి స్ట్రైకర్ ఎంత జరిగింది, కాయిన్ ఎంత జరిగింది అన్నది బోర్డు మీద పెట్టిన స్కేలుతో చదువుకోవచ్చు. 4 మీటర్ల వేగమంటే ఫ్రేముకి సుమారు 1.7 సెంటీమీటర్లు. తగిలిన వెంటనే ఉన్న రెండు మూడు ఫ్రేములే తీసుకోండి, ఆ తర్వాత ఘర్షణ వేగాన్ని తినేస్తుంది.

కాయిన్ స్ట్రైకర్ కంటే జోరుగా వెళ్లిందని తెరమీద కనబడగానే క్లాసులో గోల మొదలవుతుంది. "ఇచ్చినదానికంటే ఎక్కువెలా వచ్చింది సార్?" అన్న ప్రశ్న వాళ్ల నోటే రావాలి. వచ్చేదాకా ఆగండి. ఆ ప్రశ్నకి జవాబుగానే ద్రవ్యవేగం క్లాసులోకి రావాలి.

ముందు ఆదర్శ లెక్క బోర్డు మీద రాయండి. స్ట్రైకర్ సెకనుకు 4 మీటర్లతో వచ్చింది, కొట్టాక 2 మీటర్లతో ముందుకే పోయింది, కాయిన్ 6 మీటర్లతో పోయింది. గ్రాములని మీటర్లతో గుణిస్తే ముందు 15 × 4 = 60. తర్వాత 15 × 2 = 30, 5 × 6 = 30, మొత్తం 60. వేగాల మొత్తం కలవలేదు, 4 పోయి 8 వచ్చింది. ద్రవ్యరాశితో గుణిస్తేనే కలిసింది. ఈ గుణకారం ఎందుకో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

అదే బోర్డు మీద, పక్కనే, రెండో వరస రాయండి. గతిజశక్తి ముందు 15 × 16లో సగం, అంటే 120. తర్వాత స్ట్రైకర్ దగ్గర 30, కాయిన్ దగ్గర 5 × 36లో సగం 90. మొత్తం మళ్లీ 120. (యూనిట్లు మిల్లీజౌళ్లు.) రెండు వరసలనీ పక్కపక్కన చూడమనండి. ద్రవ్యవేగం సగం సగం పంచుకున్నారు. శక్తిలో మాత్రం కాయిన్ ముప్పాతిక వంతు పట్టుకుపోయింది. ద్రవ్యవేగం, గతిజశక్తి రెండూ 'వేగంతో వచ్చే బలం' లాంటివేనని పిల్లల మనసులో ఒక ముద్దగా ఉంటాయి. ఆ ముద్ద విడిపోయేది ఇక్కడే. నిర్వచనాలు ఎన్నిసార్లు చదివించినా ఈ ఒక్క పట్టిక చేసే పని చేయలేవు.

ఇప్పుడు తిప్పి కొట్టించండి. స్ట్రైకర్‌ని కదలకుండా ఉంచి, కాయిన్‌తో దాన్ని కొట్టాలి. నా దృష్టిలో మొత్తం పాఠానికి ఇదే కీలకం, దీన్ని హడావుడిగా దాటేయకండి. కాయిన్ 4 మీటర్ల వేగంతో వచ్చింది. ఆదర్శంగా అయితే అది 2 మీటర్ల వేగంతో వెనక్కి తిరుగుతుంది, స్ట్రైకర్ 2 మీటర్ల వేగంతో ముందుకి కదులుతుంది. లెక్క కట్టమనండి. ముందు 5 × 4 = 20. తర్వాత కాయిన్‌ది 10, స్ట్రైకర్‌ది 30, మొత్తం 40. రెట్టింపైంది! క్లాసులో సగం మంది నియమం తప్పిందంటారు. ఎవరో ఒకరు "వెనక్కి పోయింది కదా సార్, మైనస్ పెట్టాలి" అంటారు. మైనస్ 10, ప్లస్ 30. మొత్తం 20.

ఆ మైనస్ గుర్తు దగ్గర ఒకప్పుడు మహామహులే ఆగిపోయారని పిల్లలకి చెప్పండి. డెకార్ట్ 1644లో అచ్చువేసిన గ్రంథంలో, విశ్వంలో చలన పరిమాణం మొత్తం మారదన్నాడు. ఎంత గొప్ప ఊహో చూడండి. అయితే ఆ పరిమాణాన్ని దిశ లేకుండా, కేవలం వడితో లెక్కగట్టాడు. అందువల్ల ఆయన ఇచ్చిన అభిఘాత నియమాల్లో చాలావరకు తప్పాయి. నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువుని చిన్న వస్తువు ఎంత వేగంగా కొట్టినా కదిలించలేదన్నది అందులో ఒకటి. మీ పిల్లలు ఇప్పుడే కాయిన్‌తో స్ట్రైకర్‌ని కదిలించారు, అంటే డెకార్ట్ నియమాన్ని బెంచీ మీదే పరీక్షించారు. 1668లో లండన్ రాయల్ సొసైటీ ఈ చిక్కు విప్పమని అడిగితే వాలిస్, రెన్, హైగెన్స్ ముగ్గురూ విడివిడిగా జవాబులు పంపారు. దిశని లెక్కలోకి తెచ్చాకే విషయం తేలింది.

దిశ గురించి ఇంకో ప్రయోగం ఇక్కడే చేయించండి. ఒకే బరువున్న రబ్బరు బంతినీ బంకమట్టి ఉండనీ ఒకే పొడవు దారాలకి కట్టండి. నిలువుగా నిలబెట్టిన ఒక చెక్క దిమ్మెకి ఎదురుగా, ఒకే ఎత్తు నుంచి ఒక్కోటీ వదలండి. ఏది దిమ్మెని పడగొడుతుంది? మట్టి ఉండ దెబ్బ గట్టిదని చాలామంది అంటారు, ఎందుకంటే అది 'తన దగ్గరున్నదంతా ఇచ్చేస్తుంది' కదా. వదిలే ఎత్తుని సరిచేసుకుంటే, మట్టి ఉండ దిమ్మెని ఊపి వదిలేస్తుంది, రబ్బరు బంతి పడగొడుతుంది. ఆగిపోయిన ఉండ ద్రవ్యవేగంలో మార్పు, దాని మొదటి ద్రవ్యవేగమంత. వెనక్కి తిరిగిన బంతిలో మార్పు దానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. గోడకి తగిలి అదే వేగంతో వెనక్కొచ్చిన బంతి ద్రవ్యవేగంలో మార్పెంత అని పరీక్షలో అడిగితే సున్నా అని రాసే పిల్లలు ఈ దిమ్మె పడటం చూశాక ఆ తప్పు మళ్లీ చేయరు.

వెంటనే ఒక తెలివైన విద్యార్థి అడుగుతాడు: గోడకి కొట్టిన బంతి ద్రవ్యవేగం మారిపోయింది, మరి నిత్యత్వం ఏమైంది? ఇక్కడ 'వ్యవస్థ' అన్న మాట తీసుకురండి. బొమ్మ గీసి, మనం ఏయే వస్తువులని లెక్కలోకి తీసుకుంటున్నామో వాటి చుట్టూ చుక్కల గీత గీయమనండి. గీత లోపలి వస్తువులు ఒకదాన్నొకటి ఎంత తోసుకున్నా మొత్తం మారదు. బయటినుంచి తోస్తే మారుతుంది. బంతి చుట్టూ మాత్రమే గీస్తే గోడ బయటిది. గోడని, దాని కింది భూమిని కూడా లోపలికి తెస్తే మొత్తం మారదు. భూమి ద్రవ్యరాశి అంత పెద్దది కాబట్టి దాని వేగంలో మార్పు ఏ పరికరానికీ అందదు. ప్రతి లెక్కకీ ముందు, తర్వాత అని రెండు బొమ్మలు, చుక్కల గీత, ఏ దిశ ప్లస్సో చూపే ఒక బాణం. ఈ మూడూ లేకుండా సమీకరణం రాస్తే మార్కు ఇవ్వనని మొదటిరోజే చెప్పేయండి.

"మరి బోర్డు ఘర్షణ బయటి బలమే కదా సార్?" అంటారు. మంచి ప్రశ్న, అంకెలతో జవాబివ్వండి. 5 గ్రాముల కాయిన్ మీద ఘర్షణ సుమారు న్యూటన్‌లో నూరో వంతు. తాకిడి ఒక మిల్లీసెకను అనుకుంటే, ఆ వ్యవధిలో కాయిన్‌కి 6 మీటర్ల వేగం రావాలంటే సగటు బలం 30 న్యూటన్లు. ఘర్షణకి 3,000 రెట్లు. ఆ మిల్లీసెకను వరకు ఘర్షణని మరిచిపోవచ్చు, అర సెకను తర్వాత మరిచిపోకూడదు. ద్రవ్యవేగ నిత్యత్వం మనకి ఎంత ఉపకారం చేస్తుందో కూడా ఇక్కడే చెప్పాలి. ఆ మిల్లీసెకనులో బలం ఎలా పెరిగిందో, ఎలా తగ్గిందో మనకి తెలియదు. తెలియకుండానే ఫలితం చెప్పగలుగుతున్నాం.

లారీ, స్కూటర్ ప్రశ్న కూడా తప్పకుండా అడగండి. రెండూ ఢీకొంటే ఎవరి మీద బలం ఎక్కువ? స్కూటర్ మీద అంటారు, దాదాపు అందరూ. మూడో నియమం అప్పజెప్పిన నోటితోనే అంటారు. బలాలు సమానం, సమయమూ ఒకటే, కాబట్టి ప్రచోదనాలు (బలాన్ని సమయంతో గుణిస్తే వచ్చేవి) సమానం. వేగంలో మార్పు మాత్రం తేలికైన దానికి ఎక్కువ. పైన కాయిన్ పట్టికలో స్ట్రైకర్ పోగొట్టుకున్నది 30, కాయిన్‌కి వచ్చింది 30 అని ఇంతకుముందే రాసి ఉంది. అదే చూపించండి.

ఇక స్థితిస్థాపకత. వీడియోలో కొలిచిన అంకెలు 2, 6 రావు, నిజమైన స్ట్రైకర్ పూర్ణ స్థితిస్థాపకం (గతిజశక్తి ఏమాత్రం పోనిది) కాదు. ఉదాహరణకి కాయిన్ 5.4, స్ట్రైకర్ 2.2 వచ్చాయనుకోండి. ద్రవ్యవేగం 33 + 27 = 60, చెక్కు చెదరలేదు. శక్తి 120 నుంచి 109కి పడింది. స్థితిస్థాపక అభిఘాతంలోనే ద్రవ్యవేగం నిత్యమని చాలామంది పిల్లలు రాస్తారు. ఆ అపోహ పోవాలంటే కొలిచిన అంకెలే మందు. తగలకముందు దగ్గరయ్యే వేగం 4, తర్వాత దూరమయ్యే వేగం 5.4 − 2.2 = 3.2. నిష్పత్తి 0.8. అదే ప్రత్యావస్థాన గుణకం. న్యూటన్ 'ప్రిన్సిపియా'లో (1687) లోలకాలకి బంతులు కట్టి ఇదే కొలిచాడు. గట్టిగా చుట్టిన ఉన్ని బంతులకి 9లో 5 వంతులు, గాజు బంతులకి 16లో 15 వంతులు వచ్చాయని రాశాడు.

ఆ తర్వాత స్ట్రైకర్ అంచుకి కాస్త బంకమట్టి అంటించి కొట్టించండి. రెండూ అతుక్కుని 60ని 20తో భాగిస్తే వచ్చే 3 మీటర్ల వేగంతో పోతాయి. శక్తి 90. అంటే పోయింది పాతిక వంతే. "పూర్ణ అస్థితిస్థాపకం అంటే శక్తంతా పోవాలి కదా?" అని అడగనివ్వండి. ఎంత మంచి బంక పెట్టినా 90 కంటే కిందకి దిగదు, ఎందుకంటే 60 ద్రవ్యవేగాన్ని మోయడానికి ఆ 20 గ్రాములూ కనీసం అంత వేగంతో కదలాల్సిందే.

ఫార్ములాల సంగతి. అభిఘాతం తర్వాత వేగాలకి పుస్తకంలో ఉన్న ఆ రెండు పొడవాటి సూత్రాలని మొదటి వారం బోర్డు మీద రాయకండి. రెండు వాక్యాలు చాలు. ఒకటి, మొత్తం ద్రవ్యవేగం మారదు. రెండు, దూరమయ్యే వేగం దగ్గరయ్యే వేగానికి గుణకం రెట్లు. రెండు సరళ సమీకరణాలు, పదో తరగతి లెక్క. స్థితిస్థాపకమైతే గుణకం 1, అతుక్కుంటే 0, మధ్యలోవన్నీ మధ్యలో. దీంతో ఏ లెక్కైనా అవుతుంది. సూత్రాలు బట్టీ పట్టినవాడు రెండో వస్తువు కూడా కదులుతోందనగానే ఆగిపోతాడు, ఈ పద్ధతి పట్టుకున్నవాడు ఆగడు. పరీక్షలో ఏకమితీయ స్థితిస్థాపక అభిఘాత సిద్ధాంతం రాయమనే పెద్ద ప్రశ్న వస్తుంది కాబట్టి ఉత్పాదన (సూత్రాన్ని రాబట్టడం) చివర్లో ఒకసారి పద్ధతిగా చేయించండి. అప్పటికది వాళ్లకి తెలిసిన విషయమే అవుతుంది.

చురుకైన పిల్లలకి హైగెన్స్ పడవ చెప్పండి. కాలువలో మెల్లగా పోతున్న పడవలో ఒకడు రెండు బంతులని ఢీకొట్టిస్తాడు, ఒడ్డున నిలబడ్డవాడు అదే చూస్తాడు. ఇద్దరికీ వేగాలు వేరు, నియమం ఒకటే. మన స్ట్రైకర్, కాయిన్‌ల ద్రవ్యరాశి కేంద్రం 3 మీటర్ల వేగంతో పోతుంది. దానితోపాటు పోయే పడవలోంచి చూస్తే స్ట్రైకర్ 1 మీటరుతో వచ్చి 1తో వెనక్కి పోతుంది, కాయిన్ 3తో వచ్చి 3తో వెనక్కి పోతుంది. ఒడ్డుకి దిగి 3 కలపండి: 2, 6. కాగితం అక్కర్లేదు.

అస్థితిస్థాపక అభిఘాతంలో పిల్లలు తప్పు చేసే ఇంకో చోటు బాలిస్టిక్ లోలకం. బెంజమిన్ రాబిన్స్ 1742లో తుపాకీ గుళ్ల వేగం కొలవడానికి వాడిన పద్ధతి ఇది. 10 గ్రాముల గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో వచ్చి, వేలాడే చెక్కలో దిగబడింది, మొత్తం 4 కిలోలు. ఎంత ఎత్తుకి లేస్తుంది? సగం క్లాసు గుండు గతిజశక్తిని నేరుగా ఎత్తుకి సమానం చేస్తుంది. చేయనివ్వండి. 800 జౌళ్లకి జవాబు 20 మీటర్ల పైన వస్తుంది, ఆరంతస్తుల మేడంత ఎత్తు. అసలు జరిగేదేంటంటే, చెక్క 1 మీటరు వేగంతో కదులుతుంది, 2 జౌళ్లే మిగులుతాయి, 5 సెంటీమీటర్లు లేస్తుంది. మిగతా 798 జౌళ్లు చెక్కని చీల్చడానికి, వేడెక్కించడానికి పోయాయి. దిగబడేటప్పుడు ద్రవ్యవేగం, లేచేటప్పుడు శక్తి. రెండు దశల మధ్య ఒక గీత కొట్టించండి.

ఏటవాలు దెబ్బలకి మళ్లీ బోర్డు దగ్గరికే. కాయిన్‌తో కాయిన్‌ని పక్కగా కొట్టిస్తే, కొట్టాక రెండు దారుల మధ్య కోణం దాదాపు లంబకోణం. బరువులు సమానం, ఒకటి నిశ్చలం, అభిఘాతం స్థితిస్థాపకం అయితే కచ్చితంగా 90 డిగ్రీలు. నిజంగా కొలిస్తే కాస్త తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో పిల్లలనే అడగండి. స్ట్రైకర్‌తో కాయిన్‌ని కొడితే ఇంకో సంగతి బయటపడుతుంది: ఎంత పక్కగా కొట్టినా స్ట్రైకర్ తన దారి నుంచి 19.5 డిగ్రీలు మించి వంగదు. ఆ కోణం సైన్ విలువ కాయిన్ బరువుకీ స్ట్రైకర్ బరువుకీ ఉన్న నిష్పత్తి, అంటే మూడో వంతు. బాగా ఆడే పిల్లలకి ఇది చేతికి తెలుసు, అంకె మీరివ్వండి. తర్వాత అడగండి: ఒంటరి కాయిన్‌కి తగిలి స్ట్రైకర్ వెనక్కొస్తే ఏమనుకోవాలి? అక్కడ స్ట్రైకర్ కంటే బరువైనదేదో ఉందనుకోవాలి. 1909లో గైగర్, మార్స్‌డెన్ పలచని లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలు వదిలితే కొన్ని వెనక్కొచ్చాయి. ఆల్ఫా కణం ఎలక్ట్రాన్ కంటే సుమారు 7,300 రెట్లు బరువు, కాబట్టి ఒక ఎలక్ట్రాన్ దాన్ని డిగ్రీలో నూరో వంతు కూడా వంచలేదు. 1911లో రూథర్‌ఫర్డ్ బరువైన కేంద్రకం ఉండి తీరాలన్న దాని వెనక ఈ తర్కమూ ఉంది.

చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ని పట్టుకున్న లెక్క మీ పిల్లలు చేయగలరు. దయచేసి చేయించండి. కంటికి కనబడని, విద్యుదావేశం లేని కణం ఒకటి హైడ్రోజన్‌ని కొడితే అది సెకనుకు 3.3 కోట్ల మీటర్ల వేగంతో ఎగిరింది. నైట్రోజన్‌ని కొడితే అది 47 లక్షల మీటర్ల వేగంతో ఎగిరింది. వచ్చిన కణం వేగం తెలియదు, ద్రవ్యరాశి తెలియదు. సూటి స్థితిస్థాపక దెబ్బ తిన్న వస్తువు వేగం, కొట్టినదాని ద్రవ్యరాశికి రెట్టింపుని మొత్తం ద్రవ్యరాశితో భాగించి, వచ్చిన వేగంతో గుణిస్తే వస్తుంది. రెండు వేగాలనీ భాగిస్తే వచ్చిన వేగం ఎగిరిపోతుంది. కణం ద్రవ్యరాశికి 14 కలిపి, ఆ ద్రవ్యరాశికి 1 కలిపినదానితో భాగిస్తే 7.02. జవాబు సుమారు 1.16. ప్రోటాన్ అంత బరువున్న కణం! చాడ్విక్‌కి వచ్చింది 1.15, 1935లో నోబెల్ వచ్చింది. ఇదే సూత్రంతో రియాక్టర్లలో న్యూట్రాన్లని ఎలా నెమ్మదింపజేస్తారో చెప్పొచ్చు. సూటి దెబ్బలో న్యూట్రాన్ శక్తిలో సీసానికి 2 శాతమే పోతుంది, కార్బన్‌కి 28 శాతం, భారజలంలో ఉండే బరువైన హైడ్రోజన్, అంటే డ్యుటీరియంకి 89 శాతం. మామూలు హైడ్రోజన్ ఇంకా మేలే గానీ అది న్యూట్రాన్లని మింగేస్తుంది. మణుగూరు దగ్గర భారజల కర్మాగారం ఎందుకుందో భద్రాద్రి కొత్తగూడెం పిల్లలకి ఈ పాఠంలో చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాం?

ఒక జాగ్రత్త. గోళీలతో, బేరింగ్ బంతులతో ఈ ప్రయోగాలు చేయకండి. సమాన బరువున్న గోళీని సూటిగా కొడితే కొట్టింది ఆగిపోవాలని చెబుతాం. దొర్లుతూ వచ్చిన గోళీ ఆగదు. తగిలిన క్షణంలో దాని ముందుకు పోయే వేగం పోయినా తిరుగుడు మిగులుతుంది, ఆ తిరుగుడు మళ్లీ దాన్ని ముందుకి లాగుతుంది. ఆదర్శంగా చివరికి మొదటి వేగంలో 7లో 2 వంతులతో దొర్లుతుంది, దెబ్బ తిన్నది 7లో 5 వంతులతో. భ్రమణ చలనం పాఠం అయ్యాక ఇది చక్కటి లెక్క, ఇప్పుడు మాత్రం అయోమయం. కాయిన్లు జారతాయి, దొర్లవు. అందుకే బోర్డు.

టైం గురించి అడిగారు. బోర్డు ప్రయోగాలకి రెండు పీరియడ్లు, దిమ్మెకీ చుక్కల గీతకీ ఒకటి, లోలకం, ఏటవాలు దెబ్బలకి ఒకటి, ఉత్పాదనకి ఒకటి. 'గమన నియమాలు'లో ద్రవ్యవేగం రాగానే మొదటి మూడూ చేసేయండి. గతిజశక్తి పేరు కిందటి తరగతుల్లోనే విన్నారు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఆ మేరకు తర్వాతి పాఠంలో పీరియడ్లు మిగులుతాయి. ఎంట్రన్స్ ప్రశ్నల్లో అభిఘాతాలవి ఎక్కువభాగం చిహ్నాల తప్పుకో, ఏ దశలో ఏది నిత్యమన్న తికమకకో పెట్టిన వలలే. ఇలా నేర్చుకున్నవాళ్లు వాటిలో పడరు. ఆప్షన్లున్న బిట్లు మాత్రం పాఠం పూర్తయ్యాకే ఇవ్వండి. ముందే ఇస్తే జవాబుల్ని వెనకనుంచి పట్టుకోవడం నేర్చుకుంటారు.

చివరి రోజు ఇంటికి ఈ లెక్క ఇవ్వండి. 2022 సెప్టెంబరు 26న నాసా వారి డార్ట్ నౌక డైమార్ఫోస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఢీకొట్టింది. నౌక ద్రవ్యరాశి సుమారు 580 కిలోలు, వేగం సెకనుకు సుమారు 6.1 కిలోమీటర్లు. శకలం అంచనా ద్రవ్యరాశి 430 కోట్ల కిలోలు. నౌక అందులో కూరుకుపోయిందనుకుంటే శకలం వేగంలో మార్పెంత? 35 లక్షల చిల్లరని 430 కోట్లతో భాగిస్తే సెకనుకు 0.8 మిల్లీమీటర్లు. కానీ తన జోడీ అయిన పెద్ద శకలం చుట్టూ అది తిరిగే కక్ష్యా కాలం 11 గంటల 55 నిమిషాల నుంచి సుమారు 33 నిమిషాలు తగ్గింది. దాన్నిబట్టి లెక్కగట్టిన మార్పు సుమారు 2.7 మిల్లీమీటర్లు, అంటే మూడు రెట్లకు మించి. అతుక్కుపోతే రావాల్సినదానికంటే అంత ఎక్కువ ఎలా వచ్చింది? జవాబు మీరు చెప్పకండి. చెక్క దిమ్మెని పడగొట్టింది ఏదో గుర్తున్నవాళ్లు, ఆ దెబ్బకి రాళ్లూ దుమ్మూ నౌక వచ్చిన వైపుకే ఎగజిమ్మి ఉంటాయని వాళ్లంతట వాళ్లే రాసుకొస్తారు.